ఏకగ్రీవానికి అభ్యంతరం

దోహా, అల్ మన్సూరా
శనివారం సాయంత్రం

అన్నయ్యా,

ముందు నీ మోకాలు ఎలా ఉందో చెప్పు. మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుంటున్నావని వదిన చెప్పింది. నిన్ను అడిగితే "ఏం లేదు, బాగానే ఉన్నా" అని ఫోను ఆమె చేతికిచ్చేశావు. వదిన షుగరు అదుపులో ఉందా? స్వప్న కొత్త ఉద్యోగంలో కుదురుకుందా? మీరంతా బాగున్నారని తెలిస్తేనే ఇక్కడ నాకు అన్నం సయిస్తుంది. మేం ముగ్గురం క్షేమం. ఈ మాట కింద కూడా రాస్తాను, విసుక్కోకు. రాయబోయేది చదివితే నాకేదో అయిందనుకుంటావని ముందే చెప్తున్నాను. ఏమీ కాలేదు. ఒంట్లో బాగానే ఉంది. మనసే ఒకచోట నిలవడం లేదు.

ఫోనులో చెప్తే సగం విని "సరే సరే" అంటావు. వాట్సాప్‌లో పొడుగ్గా రాస్తే చదవవు. కాగితం మీద ఉన్నదైతే అద్దాలు పెట్టుకుని రెండోసారి కూడా చదువుతావని నాకు తెలుసు. అందుకే ఖమ్మం వస్తున్న ఒకతని చేతికి ఇచ్చి పంపుతున్నాను. అతను తిరిగి వచ్చేటప్పుడు వదినతో చెప్పి కొంచెం ఎండు చింతచిగురు పంపించు. ఇక్కడ మా వీధి కొట్లో గోంగూర దొరుకుతుంది, మునక్కాడలు దొరుకుతాయి, చింతచిగురు మాత్రం లేదు. పప్పులో వేసుకుని తినాలని ఈ మధ్య ఒకటే కోరిక.

ఎండలు తగ్గాయి. సాయంత్రాలు కిటికీ తీసి పెట్టుకోవచ్చు. ఇన్ని నెలలు ఏసీ చప్పుడులో బతికి ఇప్పుడు ఒక్కసారి కింద వీధి మాటలు వినిపిస్తుంటే ఊరు మారినట్టుంది. మలయాళం, హిందీ, అరబీ, ఎక్కడో ఒక గొంతు మన తెలుగు. ఆ గొంతు ఎవరిదా అని వంట ఆపి బాల్కనీలోకి పోతాను. ఎవరిదైనా నాకేమిటి చెప్పు? అయినా పోతాను.

నేను పాఠం చెప్పే విశ్వవిద్యాలయం అల్ రయ్యాన్ వైపు. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగమే, అది నీకు తెలిసిందే. ఈసారి నా పాత పరిశోధన విషయాన్నే కోర్సుగా ఇచ్చారు. సోషలిజం వదిలి ప్రజాస్వామ్యంలోకి వచ్చిన దేశాలు తమ వ్యవస్థలను ఎలా ఎంచుకున్నాయి? అధికారమంతా ఒక అధ్యక్షుడి చేతిలో పెట్టాలా, పార్లమెంటు చేతిలోనా? ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్ళకే సీటా, వచ్చిన ఓట్లను బట్టి అందరికీ తలా ఒక వాటానా? దీని మీద నేను పీహెచ్‌డీ చేస్తానన్న రోజు నువ్వు పార్టీ ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ "శవపరీక్ష చేస్తావన్నమాట" అన్నావు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో ఆ విషయం నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇవాళ చెప్పాలి. ఎందుకంటే ఆ చదివిన చదువు తొలిసారి నా చేతుల్లో ఒక పని అయింది. అది మేలయిందో కీడయిందో వచ్చే శుక్రవారంగానీ తేలదు.

మా తెలుగు సంఘం గురించి నీకు చెప్పాను. శేషగిరిరావుగారు పెట్టారు. రాజమండ్రి ఆయన, ఇంజినీరు. అందరం ఆయన్ని సార్ అంటాం. ఉగాదికి భోజనాలు, పిల్లలకు తెలుగు క్లాసులు, ఇవన్నీ ఎక్కడైనా చేస్తారు. మా సంఘంలో మాత్రం ఇంకెక్కడా లేని పద్ధతి ఒకటుంది. తెలుగువాళ్ళెవరైనా ఆస్పత్రిలో పడితే వాళ్ళను చూడడానికి జంటగా వెళ్తారు. ఒకరు మాలాంటి ఫ్లాట్లలో ఉండేవాళ్ళు, ఒకరు కంపెనీలు పనివాళ్ళకు గదులిచ్చే క్యాంపులో ఉండేవాళ్ళు. ఫ్లాటువాళ్ళకు కారుంటుంది, డాక్టరుతో ఇంగ్లీషులో మాట్లాడతారు. క్యాంపువాళ్ళకు ఆ మనిషి ఎవరో, ఏ ఊరో, ఏ గదిలో ఉంటాడో, ఇంటికి ఏం చెప్పాలో ఏం చెప్పకూడదో తెలుసు. సార్ పెట్టిన నియమం ఇది, ఎక్కడా రాసి లేదు. నాకు ఈ ఊళ్ళో అన్నిటికంటే నచ్చింది ఇదే. వెస్ట్ బే ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసే మనిషీ, పొద్దున్నే బస్సెక్కి సైటుకు పోయే మనిషీ ఒకే కారులో పక్కపక్కన కూర్చోవడం ఇంకెక్కడా చూడలేదు.

ఇక కమిటీ ఎన్నిక. ఎప్పుడూ ఒకటే తీరు. హాల్లో అందరం కూర్చుంటాం, సార్ జేబులోంచి చీటీ తీసి పేర్లు చదువుతారు, చప్పట్లు కొడతాం, ఏకగ్రీవం. మన ఊళ్ళలో సర్పంచ్ ఏకగ్రీవమైతే ఎంత గొప్పగా చెప్పుకుంటామో అలా చెప్పుకుని బిర్యానీకి లేస్తాం. మీ పార్టీ మహాసభల్లో ప్యానెల్ పెట్టడం లాంటిదే, నీకు తెలియని పద్ధతి కాదు.

ఈ ఏడాది సార్ ఉద్యోగం చాలించి వెళ్ళిపోతున్నారు. పోయేముందు నన్ను పిలిచి, "అమ్మాయ్, నా తర్వాత చీటీ ఎవరు చదువుతారు? ఓట్లు పెట్టండి. దేశాలు దేశాలు ఎలా ఓట్లు పెట్టుకున్నాయో చదివావు కదా, మన గుప్పెడు మందికి ఓ పద్ధతి రాసి పెట్టు," అన్నారు.

ఆ పనికి నాతో పాటు ఇద్దర్ని వేశారు. ఒకరు శ్రీనివాస్‌గారు, విజయవాడ మనిషి, ఫ్లాట్లవాళ్ళ తరఫున. మీ బావ ప్రసాదూ ఆయనా రోజూ ఒకే కారులో ఆఫీసుకు పోతారు. రెండో అతను ఖాజా భాయ్, కరీంనగర్ వైపు, ఒక కంపెనీలో ట్రాన్స్‌పోర్టు సూపర్‌వైజరు, క్యాంపులవాళ్ళ తరఫున. తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో కోప్పడి మళ్ళీ తెలుగులో నవ్విస్తాడు. ఇద్దరికీ ప్రెసిడెంటు కావాలని ఉంది. దాచుకోవడం ఇద్దరికీ రాదు.

మొదటిసారి మా ఇంట్లోనే కూర్చున్నాం. అన్నయ్యా, ఆ రోజు నాకు నవ్వూ భయమూ కలిసి వచ్చాయి. ఇద్దరూ ఒకే నియమం అడిగారు. ఎవరి ప్యానెల్‌కు ఎక్కువ ఓట్లొస్తే కమిటీ మొత్తం వాళ్ళదే.

"సింపుల్‌గా ఉండాలండీ. గెలిచినోళ్ళు చేస్తారు, ఓడినోళ్ళు చూస్తారు. లేకపోతే రోజూ గొడవే," అన్నారు శ్రీనివాస్‌గారు.

"సహీ బాత్. గెలిసిన్నా, నాదే. ఓడిన్నా, సలాం కొట్టి పోత. గంతే మేడమ్, యల్లా, రాసెయ్యున్రి," అన్నాడు ఖాజా భాయ్.

వాళ్ళు వెళ్ళాక ప్రసాద్ అన్నాడు, "పగవాళ్ళిద్దరూ ఒక్క మాట మీద ఉంటే నీకు పనేముంది, రాసేయ్."

వాళ్ళెందుకు ఒక్క మాట మీద ఉన్నారో నాకు తెలుసు. క్యాంపులో సభ్యులు ఎక్కువ కాబట్టి గెలుపు తనదే అని ఖాజా భాయ్ లెక్క. క్యాంపువాళ్ళకు డ్యూటీలుంటాయి, ఓటేయడానికి రాలేరు కాబట్టి గెలుపు తమదే అని శ్రీనివాస్‌గారి లెక్క. నేను క్లాసులో చెప్పే పాఠమే నా సోఫాలో కూర్చుని టీ తాగుతోంది. పోలండ్‌లో పాత పార్టీవాళ్ళూ, వాళ్ళను ఎదిరించిన కార్మికులూ బల్ల చుట్టూ కూర్చుని ఎన్నికల నియమాలు రాసుకున్నారు. ఎగువ సభకు ఎక్కువ ఓట్లొచ్చినవాడికే సీటన్నారు. పాతవాళ్ళు తమ మనుషులు ఊరూరా తెలిసినవాళ్ళు, గెలుస్తారులే అనుకున్నారు. తుడిచిపెట్టుకుపోయారు. బల్గేరియాలో అదే పాతవాళ్ళు పేరు మార్చుకుని మొదటి ఎన్నికల్లోనే దర్జాగా గెలిచారు. హంగరీలో తమవాడొకడు జనానికి ఇష్టుడని, అధ్యక్షుణ్ణి జనమే నేరుగా ఎన్నుకోవాలని పాత పార్టీ పట్టుబట్టింది, చివరికి అది సాగలేదు. నియమం రాసే ప్రతివాడూ రేపటి గెలుపు చూసుకునే రాస్తాడు. చూసుకోవడంలోనే తప్పుతాడు. ఓడిపోతే తనకేం మిగలాలి అని ముందు ఆలోచించుకున్నవాళ్ళు తక్కువ. ఆలోచించుకున్నచోట ఆ నియమం కాస్త నిలిచింది.

ఇది రాసి మళ్ళీ నాకే అనుమానం. నిజంగా అలా ఉందా, నేను అలా చదువుకున్నానా? వాటాల పద్ధతి పెట్టుకుని కూడా పార్లమెంటును చిన్న చిన్న పార్టీల సంత చేసుకున్న దేశాలున్నాయి. మందు ఒకటే, ఒకరికి పడుతుంది, ఇంకొకరికి దద్దుర్లొస్తాయి. ఎందుకని ఎవరైనా విద్యార్థి అడిగితే చరిత్ర, అలవాటు, అదృష్టం అని ఏదో చెప్పి బోర్డు తుడుస్తాను.

నాతో పాటు పాఠాలు చెప్పే మిలెనా అని ఒకామె ఉంది, బల్గేరియా మనిషి. క్యాంటీన్‌లో ఈ సంగతి చెప్తే పొట్ట పట్టుకుని నవ్వింది. "మా వీధిలో ఆ మొదటి ఎన్నికలకి ఒక్కో పార్టీకి ఒక్కో రంగు చీటీ. మా అమ్మది కొత్తవాళ్ళ నీలం, మా మామయ్యది పాత పార్టీ ఎరుపు. ఆ ఆదివారం తర్వాత రెండు పండగలు విడివిడిగా చేసుకున్నాం," అంది. "మరి ఓట్లు లేకపోతేనే బాగుండేదా?" అన్నాను. నవ్వు ఆపింది. "అంతకుముందు అందరిదీ ఒకటే చీటీ. అప్పుడు మా ఇంట్లో ఎవరేం అనుకుంటున్నారో ఎవరికీ తెలిసేది కాదు. మా మామయ్య ఎరుపని మా అమ్మకి ఆ రోజే తెలిసింది," అంది. దీన్ని బట్టి ఏం తేల్చుకోవాలో ఇప్పటికీ తెలియదు నాకు.

ఆ వారమే గంగారాం దగ్గరికి వెళ్ళాం. జగిత్యాల వైపు అతను, సైటులో కాలు విరిగి పడి ఉన్నాడు. ఈమధ్యే కాలుకు రాడ్డు వేశారు, ఇంకా చాన్నాళ్ళు మంచం మీదే ఉండాలట. ఫ్లాట్ల తరఫున ప్రసాదూ నేనూ, క్యాంపు తరఫున ఖాజా భాయ్. కారులో దారి పొడుగునా ఓట్ల మాటే. గది దాకా మాట ఆగలేదు. గంగారాం కాసేపు విని, "మీ ఓట్ల లొల్లి మీకుండనీ గానీ, వచ్చేవారం ఎవరొస్తరో జెర చెప్పున్రి. ఈడ నర్సులు మంచోళ్ళే, మాటే తెల్వది," అన్నాడు.

ఆ మాటతో అసలు చిక్కు తెలిసొచ్చింది. కమిటీ మొత్తం ఒక ప్యానెల్‌కే పోతే ఓడినవాళ్ళు ఆ సాయంత్రమే ఇంకో సంఘం పెట్టుకుంటారు. మనవాళ్ళ సంగతి నీకు చెప్పాలా? రెండు సంఘాలయితే జంట ఎక్కడిది? కారున్న సంఘానికి గంగారాం తెలియదు, గంగారాం తెలిసిన సంఘానికి కారుండదు.

ఇంటికొచ్చి నాకు నచ్చినట్టే రాశాను. ఎవరికి ఎన్ని ఓట్లొస్తే ఆ మేరకు కమిటీలో చోటు. ప్యానెల్ లేకుండా ఒంటరిగానైనా నిలబడవచ్చు, ప్రతిపాదించడానికి ఒకరు, బలపరచడానికి ఒకరు చాలు. డ్యూటీలో ఉన్నవాళ్ళు, ఆస్పత్రిలో ఉన్నవాళ్ళు ఫోను నుంచి ఓటు వేయవచ్చు. ఈ చివరిది చదివి శ్రీనివాస్‌గారు కళ్ళజోడు తీశారు. "అమ్మా, మీరు ఖాజా మనిషా?" అన్నారు నవ్వుతూనే. సీట్ల వాటా సంగతి చదివి ఖాజా భాయ్, "మేడమ్, మేము ఎక్కువమంది ఉన్నా మీ ఫ్లాట్లోళ్ళకు సగం పెట్టాల్నా? గిదేం ఇన్సాఫ్?" అన్నాడు. ఇద్దరికీ నచ్చలేదు కాబట్టి న్యాయంగానే ఉండి ఉంటుందని సార్ ఒప్పుకున్నారు. నేను ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. చాలా రోజులకు హాయిగా.

నిన్న శుక్రవారం సాయంత్రం సర్వసభ్య సమావేశం. మా వీధిలోనే హోటలు పైన హాలు. ముందు వరుసల్లో చీరలు, పిల్లలు, వెనక వరుసల్లో క్యాంపు నుంచి బస్సులో వచ్చినవాళ్ళు. సార్ నా నిబంధనలు పైకి చదివారు. చప్పట్లు. అందరికీ సమ్మతమే. తర్వాత సార్ మొహం వెలిగిపోతూ, "ఇంత కష్టపడి రాసిన అమ్మాయికి ఒక శుభవార్త. ఇవి వాడే అవసరం కూడా రాలేదు. శ్రీనివాసూ ఖాజా ఒకటయ్యారు," అని జేబులోంచి చీటీ తీశారు.

శ్రీనివాస్‌గారు ప్రెసిడెంటు, ఖాజా భాయ్ వైస్ ప్రెసిడెంటు. మిగతా పేర్లన్నీ చదివారు. అన్నీ ఫ్లాట్లవాళ్ళవే. నేను రెండోసారి చదవమని అడిగి మరీ విన్నాను. క్యాంపు నుంచి ఖాజా భాయ్ ఒక్కడే. ఓట్లు పడితే నా లెక్కన సగం చోట్లు క్యాంపుకు రావలసింది. వాటిని అతను వైస్ ప్రెసిడెంటు కుర్చీకి ఇచ్చేశాడు. వాళ్ళిద్దరూ ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు చేతులేసుకుని నిలబడ్డారు. ఎవరో ఫొటో తీస్తున్నారు. హాలంతా ఎంత సంతోషంగా ఉందంటే, అన్నయ్యా, నాకూ ఒక క్షణం కళ్ళు చెమర్చాయి. చీలిక తప్పింది కదా. నేను కోరుకున్నది అదే కదా. అడ్డదారిన వచ్చినా వచ్చింది కదా.

"ఎవరికైనా అభ్యంతరమా?" అన్నారు సార్. ఆ మాట ఆయన ప్రతిసారీ అంటారు. చప్పట్లకు ముందు అనే మాట.

అప్పుడు నాకు మీ జిల్లా మహాసభ గుర్తొచ్చింది. ప్యానెల్‌లో లేని ఒక మహిళా కామ్రేడు పేరు నువ్వు లేచి చెప్పావనీ, పెద్దవాళ్ళొకరు వచ్చి నీ భుజం మీద చేయి వేశారనీ, నువ్వు ఉపసంహరించుకున్నావనీ వదినే నాకు చెప్పింది. ఆ రోజు ఇంటికొచ్చి "ఐక్యత ముఖ్యం" అన్నావట, అన్నం తినలేదట. నిన్ను తప్పుపట్టడానికి రాయడం లేదు. నువ్వు చేసిందే ఒప్పేమో. ఆ చేయి నీ భుజం మీద పడ్డప్పుడు నీకు కోపం వచ్చిందా, లేక ఊరట కలిగిందా? అది అడగాలని ఇన్నేళ్ళూ ఉంది. ఎందుకంటే నిన్న హాల్లో నాకు కోపం రాలేదు. చప్పట్లు కొట్టేసి ఇంటికి పోదామన్న ఆశే కలిగింది. ఆ ఆశను చూసే భయపడి లేచాను.

"నాకు అభ్యంతరం ఉంది సార్," అన్నాను. "నేను నిలబడతాను."

సార్‌కు అర్థం కాలేదు. "నిలబడే ఉన్నావు కదమ్మా," అన్నారు. నలుగురు నవ్వారు.

"కమిటీకి నిలబడతాను. నా పేరూ ఉంటే ఓట్లు పెట్టాలి. ఇందాక మీరంతా చప్పట్లు కొట్టిన నిబంధనే అది."

నవ్వు ఆగిపోయింది. ఎవరు ప్రతిపాదిస్తారు అని శ్రీనివాస్‌గారే అడిగారు, మర్యాదగానే. ముందు వరుసల్లో నా స్నేహితురాళ్ళు చీర కొంగులు సర్దుకున్నారు. వెనక వరుసలో ఒకతను, నేనెప్పుడూ మాట్లాడని మనిషి, చేయెత్తి "నేను పెడుతున్న," అన్నాడు. ఖాజా భాయ్ అతనివైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. బలపరిచేవాళ్ళు? ఎవరూ లేరు. నేను నిలబడే ఉన్నాను. కూర్చుంటే సరిపోతుంది, అందరూ మర్చిపోతారు, అని ఒక పక్క మనసు చెప్తూనే ఉంది. అప్పుడు నా పక్క కుర్చీలో ప్రసాద్ నావైపు చూడకుండా, ఫోనులోకి చూస్తూనే, చేయి పైకెత్తాడు.

ఓట్లు వచ్చే శుక్రవారానికి పెట్టారు. ఇంటికి నడిచొచ్చే దారిలో ప్రసాద్ ఒక్క మాట అన్నాడు. "ఇకమీదట శ్రీనివాస్ కారులో ఎవరు ఎక్కుతారు?"

"ఎందుకెత్తావు మరి?"

"నువ్వు అలా నిలబడిపోతే చూడలేక." ఇంటి తాళం తీస్తూ, "గెలవకు, అంతే చాలు," అన్నాడు. సరేనన్నాను. మీ బావ సంగతి నీకు తెలుసు కదా, ఆయన కోపం ఇంతకంటే పైకి రాదు.

సార్ మాత్రం నొచ్చుకున్నారు. మెట్ల దగ్గర ఆగి, "నా చేతుల మీదుగా ఒక్కటిగా అప్పగిద్దామనుకున్నానమ్మా," అన్నారు. ఆయన పెట్టిన జంట పద్ధతిని కాపాడబోయి ఆయన చివరి పండగను పాడుచేశాను.

రాత్రే ఖాజా భాయ్ ఫోను చేశాడు. "మేడమ్, కుదిరిన సంబంధం చెడగొట్టిన్రు. ఇగ క్యాంపోళ్ళు నన్నే అడుగుతున్రు, మా సీట్లేవి అని. ఇప్పుడు నేను అలగ్ ప్యానెల్ పెట్టక తప్పుతదా?" అన్నాడు. తిట్టాడో, చెప్పాడో తెలియలేదు. తెల్లారేసరికి శ్రీనివాస్‌గారి ప్యానెల్ కూడా వేరుగా వచ్చింది. చూశావా, నేను దేనికి భయపడి నిబంధనలు రాశానో అదే జరిగింది, అదీ నా వల్లే. ఒక్కటైన ఇద్దర్ని విడగొట్టాను. లేక వాళ్ళు ఒక్కటి కాలేదా, పంచుకున్నారా? రెండూ ఒకటే అని ఒక గంట, కాదని ఇంకో గంట. అన్నం పెట్టుకుని పప్పులో ఉప్పేసుకోవడం మర్చిపోయాను. మేఘన "అమ్మా, నువ్వు నీ స్టూడెంట్లకి కూడా ఇలాగే చెప్తావా, అటూ ఇటూ?" అంది.

ఇవాళ పొద్దున గంగారాం దగ్గరికి జంటగా వెళ్ళాల్సిన వంతు శ్రీనివాస్‌గారిదీ ఖాజా భాయ్‌దీ. ఒకే కారులో వెళ్ళరని తెలుసు. అసలు ఎవరూ వెళ్ళరేమోనని నేనే బయలుదేరాను. వార్డు తలుపు దగ్గరే ఆగిపోయాను. ఇద్దరూ ఉన్నారు. మంచానికి ఆ పక్క ఒకరు, ఈ పక్క ఒకరు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. మధ్యలో గంగారాం, కాలు దిండ్ల మీద, పెళ్ళికొడుకులా. ఇద్దరూ ఓటు అడుగుతున్నారు.

"డిశ్చార్జి దాకా నీ పేపర్లన్నీ మావాడొకడు దగ్గరుండి చూసుకుంటాడు. డాక్టరు ఏమన్నాడో తెలుగులో చెప్తాడు," అంటున్నారు శ్రీనివాస్‌గారు.

"పేపర్లు తింటాడా? అరె గంగారాం, రోజూ ఒక మనిషిని పంపుత. నీ మాట మాట్లాడేటోన్ని, నీ దిక్కోన్నే," అంటున్నాడు ఖాజా భాయ్.

ఇద్దరూ వెళ్ళిపోయాక నన్ను చూసి గంగారాం నవ్వాడు. "ఏం కావాలె, ఏం కావాలె అని ఇద్దరు ఒక్కతీరుగ అడుగుతున్నరు మేడమ్. ఇన్నొద్దులు పండ్లు పెట్టి పోయిన్రు గానీ గీ ముచ్చట ఎవ్వరు అడగలె."

నాకు ఎంత తేలికైందో చెప్పలేను. చూశావా, నేను చేసింది తప్పు కాదు అని గాలి పీల్చుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నువ్వు సుత నిలబడ్డవంట గదా మేడమ్?" అన్నాడు.

"అవును."

"మరి నువ్వేమిస్తవ్?"

అన్నయ్యా, నా దగ్గర ఏమీ లేదు. ఎన్నిక జరగాలని నిలబడ్డాను గానీ, ఎన్నికైతే ఏం చేస్తానో ఒక్క క్షణం కూడా అనుకోలేదు. వాటాల పద్ధతి చెప్పనా అతనికి? పోలండ్ సంగతి చెప్పనా? "ఆలోచించి చెప్తాను," అన్నాను.

"శుక్రవారమే గదా ఓట్లు," అన్నాడు గంగారాం. ఎగతాళి కాదు. నేను ఆలస్యం చేస్తే నాకు పడే ఒక ఓటు పోతుందని నా మీద జాలిపడి అన్నాడు.

అప్పటినుంచి ఇల్లంతా తిరుగుతున్నాను. నువ్వు బతుకంతా గడప గడపకూ పోయి అడిగినవాడివి. తలుపు తీసినవాళ్ళు "నువ్వేమిస్తావు" అంటే ఏం చెప్పేవాడివి? నీ పార్టీ చెప్పమన్నది కాదు, నువ్వు చెప్పింది రాయి. ఈ ఉత్తరం నీకు అందేసరికి ఓట్లు అయిపోతాయి, సంఘం ఒకటో రెండో తేలిపోతుంది, అయినా రాయి. ఇక్కడ ఆదివారం పనిరోజే కదా, రేపు పొద్దున క్లాసు అయ్యాక మళ్ళీ ఆస్పత్రికి వెళ్తాను. వంతు నాది కాదు. ఉత్త చేతులతో వెళ్తే ఏమనుకుంటాడో తెలియదు. తనకేం కావాలో నేనూ అడుగుతాను. ఆ ఇద్దరూ అడిగినప్పుడు అతను ఏం చెప్పాడో ఇవాళ కనుక్కోవాలని కూడా తోచలేదు నాకు.

మేం క్షేమమే, మళ్ళీ చెప్తున్నాను. వదిన పాదాలకు నా నమస్కారాలు చెప్పు, నడక మానొద్దని చెప్పు. స్వప్నకు నా ముద్దులు. కింది వాటా పెద్దమ్మగారిని, పార్టీ ఆఫీసులో నన్ను గుర్తుపెట్టుకున్న పెద్దలను అడిగానని చెప్పు. నన్ను గెలవమని దీవించకు, ప్రసాద్‌కు మాటిచ్చాను. గంగారాం ముందు నోరు పెగలాలని మాత్రం దీవించు.

నీ చెల్లెలు
నిర్మల